పసుపుకాళ్ళ రాజపుంజు

అనగనగా, కోడి కూసేదాకా కోట తలుపు తెరవని రాజ్యం ఒకటి ఉండేది. దాని పేరు మేలిగిరి. దాన్ని ఏలే రాజు విజయకేతుడు.

ఆ రాజుకు ఏనుగుల మీద మోజు లేదు, గుర్రాల మీద మోజు లేదు. ఉన్న మోజంతా కోళ్ళ మీదే. కోడిపందేలు అనుకునేరు! కోడి కాలికి కత్తి కట్టడమంటే ఆయనకు గిట్టదు. ఆయనకు కావలసింది అందం. ఏటా కార్తీకమాసంలో కోట ముందు మైదానంలో కోళ్ళ ప్రదర్శన పెట్టించేవాడు. ఈకలు చూసేవాడు, తోక చూసేవాడు, జుట్టు చూసేవాడు. అన్నిటికంటే ముందు కాళ్ళు చూసేవాడు. కాళ్ళు పండిన నిమ్మపండులా పచ్చగా ఉంటేనే అది మేలుజాతి. తెల్లకాళ్ళ కోడి అయితే మైదానం దరిదాపులకు కూడా రాకూడదు.

ప్రదర్శన కోళ్ళను పెంచే ఊళ్ళు ఆ రాజ్యంలో మూడే మూడు. ఆ ఊళ్ళలో సొంత పుంజును ఎవరూ పెంచకూడదని కట్టడి. కోటలో ఒక రాజపుంజు ఉండేది. ఏడాదికొక ఊరికి అది పల్లకిలో వెళ్ళేది. ముందు బాజాలు, వెనుక భటులు, ఊళ్ళో మామిడాకుల తోరణాలు. అల్లుడికి చేసే మర్యాదలన్నీ దానికి చేసేవారు. ఒక్క మర్యాద మాత్రం మూడేళ్ళ నుంచి ఆగిపోయింది. దాని కాళ్ళు కడగకూడదు.

"రాజపుంజు కాళ్ళకు నీళ్ళు తగిలితే తేజస్సు పోతుంది" అన్నాడు కోళ్ళ అధికారి దండపాణి. ఎందుకు పోతుందని ఎవరూ అడగలేదు. అధికారి అన్నాడు కదా, అయిపోయింది.

ఈ దండపాణి దగ్గర ఒక తాటాకుల కట్ట ఉండేది. అది కోళ్ళ వంశపత్రం. అందులో ఫలానా పుంజు కొడుకు ఫలానా పుంజు, దాని కొడుకు ఫలానా పుంజు అని ఏడు తరాల పుంజుల పేర్లుండేవి. వెతికినా ఒక్క పెట్ట పేరు కనిపించేది కాదు. "వంశమంతా పుంజుదే. పెట్టదేముంది? గుడ్లు మోసే గంప" అని నవ్వేవాడు దండపాణి. గుడ్డు పెట్టి, ఇరవై ఒక్క రోజులు తిండీ తిప్పలూ మాని పొదిగే తల్లి గంప అట! వింటే ఒళ్ళు మండదూ?

సరే, వినండి. ఆ మూడేళ్ళలో మొదటి ఏడు రాజపుంజు కోళ్ళు పెంచే లచ్చన్న వాళ్ళ ఊరు వెళ్ళింది. ఆ ఊరి పెట్టలన్నీ పచ్చని కాళ్ళవే. పిల్లలు పుట్టాయి. కాస్త ఎదిగి కాళ్ళ రంగు తేలేసరికి, అన్నీ తెల్లకాళ్ళే. దండపాణి వచ్చి చూసి, "మీ పెట్టలు దారి తప్పాయి. దొంగచాటుగా ఏ తెల్లకాళ్ళ పుంజునో చేరనిచ్చారు" అన్నాడు. పెట్టలను కోయించాడు. పిల్లలను కోయించాడు. అబద్ధాలకోరు అని చాటింపు వేయించి లచ్చన్నను పొలిమేర దాటించాడు. లచ్చన్న ఏడ్చాడు కానీ ఎదురు చెప్పలేదు.

రెండో ఏడు రెండో ఊరు. అక్కడా అంతే. తెల్లకాళ్ళ పిల్లలు, అదే నింద, అదే కత్తి. ఆ ఊరివాళ్ళు దండపాణి కాళ్ళ మీద పడ్డారు. అయినా ఒక్క పెట్ట కూడా మిగలలేదు.

మూడో ఏడు పల్లకి కోడిపాలెం వచ్చింది.

కోడిపాలెంలో సన్యాసమ్మ ఉండేది. పేరుకు సన్యాసమ్మే కానీ శాంతం మాత్రం ఆమె ఇంటి గడప తొక్కేది కాదు. ఆమెకు పన్నెండు పెట్టలు. తల్లి పెంచిన జాతి, తల్లికి తల్లి పెంచిన జాతి. వాటిలో పెద్దది చామంతి. లేత బూడిదరంగు ఒళ్ళు, మెరిసే పసుపు కాళ్ళు. రెండు ఊళ్ళలోనూ పెట్టలు పోయాక, రాజ్యం మొత్తంలో పసుపుకాళ్ళ పెట్టలు మిగిలింది ఈ పన్నెండే. అవి కూడా పోతే ఆ జాతికి దీపం పెట్టే దిక్కుండదు.

రాజపుంజు నెల్లాళ్ళు ఉండి వెళ్ళింది. పిల్లలు లేచాయి. ఎదిగాయి. సన్యాసమ్మ ఒక్కో పిల్లను ఎత్తి కాళ్ళు చూసింది. అన్నీ తెలుపే.

మర్నాడే దండపాణి కత్తులతో, భటులతో దిగాడు.

"ఏమే, నీ పెట్టలు కూడా దారి తప్పాయా?" అన్నాడు.

అంతే. సన్యాసమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. గూటి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఏటయ్యా అంటున్నావు? కంచె వేసి, కాపలా కాసి, రాత్రిళ్ళు గూటి ముందే పడుకున్నాను. ఏ దారి తప్పాయి? నువ్వే కదా వంశమంతా పుంజుదే అన్నావు! మరి పిల్లల కాళ్ళు తెల్లబడితే పుంజును అడగవేం? మెప్పు వస్తే పుంజుది, తప్పు వస్తే పెట్టదా?"

మాట రాకపోతే అధికారులు ఏం చేస్తారు? కత్తి చూపిస్తారు. "పక్కకు జరుగు" అన్నాడు దండపాణి.

సన్యాసమ్మ జరగలేదు. గూటికి గొళ్ళెం వేసి, ఊరి ఆడవాళ్ళను దాని చుట్టూ కాపలా నిలబెట్టి, చామంతిని చంకన పెట్టుకుని, తిన్నగా కోటకు నడిచింది. దారి పొడుగునా దండపాణిని తిడుతూనే ఉంది. ఆ తిట్లన్నీ రాస్తే తాటాకులు చాలవు.

కొలువులో రాజు ముందు నిలబడింది. దండం పెట్టింది కానీ తల వంచలేదు.

"మారాజా! మూడేళ్ళలో రెండు ఊళ్ళ పెట్టలను చంపించారు. పసుపుకాళ్ళ పెట్టలు ఇంక నా దగ్గరే ఉన్నాయి. వీటినీ కోస్తే తమరు పసుపుకాళ్ళ కోడిని బొమ్మలో చూసుకోవాలి. కోసేముందు నా పెట్ట తప్పు చేసిందని రుజువు చేయించండి. నాకు మూడు పొదుగులు కావాలి, మూడుసార్లు గుడ్లు పొదిగించి పిల్లలను చూపిస్తాను."

విజయకేతుడు చెడ్డవాడు కాదు. కానీ బద్ధకస్తుడు. ఎవరు దగ్గరగా నిలబడి చెబితే వాళ్ళ మాటే వినేవాడు. ఆ రోజు అందరికంటే దగ్గరగా సన్యాసమ్మ నిలబడింది.

"సరే, ఏడాది గడువు ఇస్తున్నాను. మూడు పొదుగులూ ఇక్కడే, కోటలో, నా భటుల కాపలాలో జరగాలి. వచ్చే ప్రదర్శన నాటికి నీ మాట నిజమని తేలకపోతే నీ పెట్టలన్నీ కత్తికి, నువ్వు పొలిమేర అవతలకి" అన్నాడు.

"నిజమని తేలితే?" అంది సన్యాసమ్మ.

అలా ఎదురడిగినవాళ్ళు ఆ కొలువులో అంతవరకూ లేరు. రాజు కాస్త తడబడి, "అప్పుడు చూద్దాం" అన్నాడు.

మొదటి పొదుగు. సన్యాసమ్మ చామంతిని మూడు వారాలు ఒంటరిగా గూట్లో ఉంచమంది. "పెట్ట కడుపులో పాత పుంజు సంగతేమీ మిగలకూడదు. రేపు ఎవరూ వంక పెట్టకూడదు" అంది. ఆ తరువాతే రాజపుంజును వదిలారు. గూటి చుట్టూ నలుగురు భటులు. పిచ్చుక కూడా దూరడానికి వీల్లేదు. మేత వేసే పని మాత్రం సన్యాసమ్మది; తెల్లవారకముందు రాజపుంజుకు చేసే సేవ దండపాణిది.

ఒకరోజు మేత వేస్తూ చామంతిని ఒళ్ళోకి తీసుకుంది. పుంజు ఎక్కినప్పుడు కాళ్ళు ఆనించే చోట, పెట్ట వీపు మీద, రెండు పచ్చని చారలు కనిపించాయి. ఏదో దుమ్మనుకుని పైటచెంగుతో తుడిచింది. చెంగుకు పచ్చగా అంటింది. ఆ సాయంత్రం ఏటికి వెళ్ళి చీర ఉతికింది. బట్టలుతికే చౌడుమట్టి వేసి రుద్దేసరికి ఆ పచ్చని మరక కాస్తా ఎర్రబడింది.

సన్యాసమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ మరకను చాలాసేపు చూసింది. పళ్ళు పటపట నూరింది. చీర పిండి ఆరేసుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా వచ్చేసింది. ఇప్పుడే అరిస్తే దండపాణి రాత్రికి రాత్రే ఆ పుంజును మాయం చేస్తాడు. ఆపైన, "నీ కాళ్ళకు రాసుకున్న పసుపే నీ చీరకు అంటింది" అంటాడు. అందుకని ఆ రోజు నుంచి సన్యాసమ్మ తిట్టడం మానేసింది. తిట్టే సన్యాసమ్మ కంటే తిట్టని సన్యాసమ్మే ప్రమాదమని పాపం దండపాణికి తెలియదు.

పొదుగు అయింది. తొమ్మిది పిల్లలు. తొమ్మిదీ తెల్లకాళ్ళవే.

"చూశారా ప్రభూ! ఇంత కాపలా ఉన్నా తెల్లకాళ్ళే. ఈ పెట్ట రక్తంలోనే కల్తీ ఉంది. వంశపత్రం ప్రకారం రాజపుంజుకు ఏడు తరాలూ పసుపు కాళ్ళే!" అని కొలువంతా వినబడేట్టు అరిచాడు దండపాణి.

సభలో అందరూ నవ్వారు. సన్యాసమ్మ నవ్విన ప్రతి మొహాన్నీ గుర్తుపెట్టుకుంది.

"పిల్లలను కోయకండి మారాజా. మూడో పొదుగుకు పనికొస్తాయి" అంది. అంతే అంది.

రెండో పొదుగు. కొండ అవతల, రాజ్యం పొలిమేర దాటితే, సన్యాసమ్మ పుట్టిల్లుంది. అక్కడ ఆమె అన్న ఇంట్లో ఒక ముసలి పుంజు ఉంది. ఒక కాలు కుంటి, తోకలో ఈకలు మూడు. కానీ కాళ్ళు మాత్రం పసుపు. దాన్ని గంపలో పెట్టుకుని తెచ్చింది. చామంతిని మళ్ళీ మూడు వారాలు ఒంటరిగా ఉంచి, అప్పుడు జత చేసింది.

పల్లకి లేదు, బాజాలు లేవు. ఆ కుంటి పుంజును చూసి భటులు కూడా ముసిముసిగా నవ్వారు. పది పిల్లలు లేచాయి. కాళ్ళ రంగు తేలింది. పదికి పదీ పసుపే.

రాజు సింహాసనం మీద ముందుకు జరిగాడు. మూడేళ్ళ తరువాత ఆ కోటలో పసుపుకాళ్ళ పిల్ల తిరగడం అదే మొదలు.

సన్యాసమ్మ గెలిచిందనుకున్నారా? అంత సులువుగా లొంగేవాడైతే అతను దండపాణి ఎందుకవుతాడు!

"ఇది ఆ ముసలి పుంజు గొప్పతనం ప్రభూ! వంశం పుంజుదేనని నేను మొదటి నుంచీ చెప్పడం లేదా?" అన్నాడు.

"అయితే తెల్లకాళ్ళ పిల్లలు రాజపుంజు గొప్పతనమా?" అంది సన్యాసమ్మ.

"అవి పెట్ట దోషం."

"పెట్ట అదే కదయ్యా! అదే చామంతి! ఒక పొదుగుకు దోషం ఉండి, ఇంకో పొదుగుకు దోషం ఎక్కడికి పోయింది? సంతకు పోయిందా?"

"అధికారితో వాదిస్తావా?" అని గుడ్లురిమాడు దండపాణి.

రాజు ఇటు చూశాడు, అటు చూశాడు. ఆయనకు తల తిరిగింది. "మూడోది కూడా కానివ్వండి" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు సన్యాసమ్మకు దండపాణి మీద కంటే రాజు మీదే ఎక్కువ కోపం వచ్చింది. అబద్ధం చెప్పేవాడు ఎలాగూ చెబుతాడు. ఎదురుగా నిజం కనిపిస్తున్నా లేచిపోయేవాడిని ఏమనాలి?

మూడో పొదుగు. మొదటి పొదుగులో పుట్టిన తెల్లకాళ్ళ పిల్లలు ఏడెనిమిది నెలలకు ఎదిగాయి. వాటిలో ఒక పడుచు పుంజును, ఒక పడుచు పెట్టను జత చేసింది సన్యాసమ్మ. రెండూ తెల్లకాళ్ళవే. రెండూ కోటలో పుట్టి, భటుల కళ్ళ ముందే పెరిగినవి. "తెలుపుకు తెలుపు కలిపితే తెలుపే కదా, ఈవిడకు మతి పోయింది" అన్నారు అందరూ.

పన్నెండు పిల్లలు లేచాయి. ప్రదర్శన రోజు వచ్చింది. మైదానంలో మూడు ఊళ్ళ జనం, పక్క రాజ్యాల పెద్దలు. సన్యాసమ్మ గంప మూత తీసింది. తొమ్మిది పిల్లలు తెల్లకాళ్ళతో దిగాయి. మూడు పిల్లలు పసుపు కాళ్ళతో దిగాయి.

జనం ఆశ్చర్యంతో కేకలు వేశారు. రాజు సింహాసనం దిగి వచ్చి, వంగి మరీ చూశాడు. "తల్లీ తండ్రీ తెలుపు. ఈ మూడింటికీ పసుపు ఎక్కడిది?" అన్నాడు.

"నాయనమ్మ చామంతిది మారాజా. అమ్మమ్మ కూడా అదే. అమ్మమ్మ సొమ్ము మనవలకు దక్కింది. ఇంతకాలం అది బిడ్డల ఒంట్లోనే ఉంది, తెలుపు కింద దాగి ఉంది. తమరు పనికిరావని కోయించిన ప్రతి తెల్లకాళ్ళ పిల్లలోనూ ఉంది!"

ఒక తెల్లకాళ్ళ పిల్లను ఎత్తి రాజు చేతిలో పెట్టింది.

"మా అమ్మ నాకు నేర్పింది ఒక్కటే మారాజా. తెలుపు పసుపును కప్పుతుంది. పసుపు తెలుపును కప్పలేదు. తెల్లకాళ్ళ కోడి లోపల పసుపు దాగి ఉండొచ్చు. పసుపుకాళ్ళ కోడి లోపల తెలుపు దాగదు. నా చామంతిది పసుపు. దాని దగ్గర ఇవ్వడానికి తెలుపు లేదు. కానీ దాని పిల్లలకు తెలుపు వచ్చింది. మరి ఎవరిచ్చారు?"

అందరూ రాజపుంజు కూర్చున్న పల్లకి వైపు చూశారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, దండపాణి చప్పున రాజపుంజును ఎత్తుకుని దాని కాళ్ళను ఉత్తరీయంలో చుట్టేశాడు.

"కానీ దాని కాళ్ళు పసుపే కదా!" అన్నాడు రాజు. "నా కళ్ళతో నేను చూశాను."

"కళ్ళతో చూశారు మారాజా. కడిగి చూడలేదు. మూడేళ్ళుగా మా ఊళ్ళకు అల్లుడై వస్తున్నాడు, ఒక్కసారి కూడా కాళ్ళు కడగనివ్వలేదు. ఇవాళ ఆ మర్యాద చేస్తాను. దిష్టి తగలకుండా ఇన్ని సున్నపునీళ్ళు తెచ్చుకున్నాను. పసుపు కలపలేదు. ఆ అవసరం లేదు."

ఎర్రనీళ్ళ దిష్టి తెలియని ఆడది ఆ మైదానంలో ఒక్కతీ లేదు. పసుపూ సున్నం కలిస్తే ఏమవుతుందో వాళ్ళందరికీ తెలుసు. అర్థమైనవాళ్ళు కొంగులు బిగించి ముందుకు వచ్చారు.

"వద్దు ప్రభూ! తేజస్సు... తేజస్సు పోతుంది!" అన్నాడు దండపాణి.

"పోనీ. దించు" అన్నాడు రాజు.

సన్యాసమ్మ మొదటి చెంబు చామంతి కాళ్ళ మీద పోసింది. కాళ్ళు పసుపుగానే ఉన్నాయి. రెండో చెంబు కుంటి పుంజు కాళ్ళ మీద పోసింది. అవీ పసుపే. మూడో చెంబు రాజపుంజు కాళ్ళ మీద పోసింది.

రాజపుంజు కాళ్ళు పెళ్ళికూతురి పారాణిలా ఎర్రబడ్డాయి. ఇంకో చెంబు పోసి రుద్దింది. ఎరుపు కారిపోయింది. కింద తెల్లగా, సున్నం కొట్టిన గుంజల్లా, రెండు కాళ్ళు మిగిలాయి.

దండపాణి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. రాజు గద్దించి అడిగేసరికి నిజం బయటపడింది. నాలుగేళ్ళ కిందట ముసురు పట్టిన ఒకరోజు, గారెలు వండించుకున్నాడట. గారెల్లోకి పులుసు లేదట. ఎదురుగా అసలు రాజపుంజు కనిపించిందట. తిన్నాక భయమేసి, అదే రంగు ఈకలున్న తెల్లకాళ్ళ పుంజును తెచ్చి, కోటలోనైనా ఊళ్ళోనైనా సేవ పేరుతో రోజూ తెల్లవారకముందే దాని కాళ్ళకు నూనెతో పసుపు పట్టించాడట. ఒక్క పూట పులుసు కోసం రెండు ఊళ్ళ పెట్టలను చంపించాడు! ఆ నిందలన్నీ నోరులేని తల్లుల మీద వేశాడు!

జనం దండపాణి మీదికి దూకబోయారు. రాజు ఆపి, సన్యాసమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, గెలిచావు. ఏం కావాలో కోరుకో. కోళ్ళ అధికారి పదవి ఇస్తాను. పట్టుబట్టలు ఇస్తాను."

ఏడాదిగా లోపల దాచుకున్న కోపమంతా అప్పుడు బయటికి వచ్చింది.

"పట్టుబట్టలా? లచ్చన్న పెట్టలను తెచ్చిస్తారా మారాజా? ఆ రెండో ఊరి పెట్టలను బతికిస్తారా? ఈయన ఒక్కడే చేశాడా ఈ పాపం? మూడేళ్ళు తమరు ఈయన మాట విని కత్తి పంపారు. పెట్ట మీద నింద వేస్తే వెంటనే నమ్మారు. పుంజు మీద ఒక్క చెంబు నీళ్ళు పోయడానికి మాత్రం చెయ్యి రాలేదు!"

రాజును అలా అన్నందుకు తల పోతుందని అందరూ ఊపిరి బిగబట్టారు. విజయకేతుడు తల వంచాడు. "నిజమే తల్లీ" అన్నాడు.

ఆ సాయంత్రమే లచ్చన్న కోసం గుర్రం వెళ్ళింది. చామంతి పసుపుకాళ్ళ పిల్లలను మూడు ఊళ్ళకూ పంచారు. తెల్లకాళ్ళ పిల్లలను కూడా ఎవరూ కోయకూడదని చాటింపు వేశారు. తాటాకుల వంశపత్రం చించి, కొత్తది రాయించారు. అందులో ప్రతి పుంజు పేరు పక్కనా ఒక పెట్ట పేరు ఉంది. మొదటి పేరు చామంతిది. దండపాణికి చావు రాలేదు కానీ, బతికినంతకాలం ప్రదర్శన మైదానం ద్వారం దగ్గర సున్నపునీళ్ళ చెంబు పట్టుకుని కూర్చుని, వచ్చిన ప్రతి కోడి కాళ్ళూ కడిగే పని పడింది. సన్యాసమ్మ మాత్రం అతన్ని క్షమించలేదు. ఏటా తన కోళ్ళను అతని ముందు దించి, అతను వంగి కడుగుతుంటే, నిలబడి చూసి మరీ లోపలికి వెళ్ళేది.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, గుర్తుంచుకోండి: పిల్లల కాళ్ళు చూసి తల్లిని నిందించేవాడు, ముందు తండ్రి కాళ్ళు కడిగి చూడాలి.